తలుపు వైపు తిరిగిన చెప్పులు

మా అత్తమ్మ పోయింది. నార్సింగి చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కుతుండగా ఫోన్ మోగింది. అవతల వార్డు నర్సు. "పేషంట్ తాలూకు మీరేనా అండి? ఒకసారి రండి. ఒక్కరే రాకండి, పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని రండి." ఆ చివరి మాటతో నాకు తెలిసిపోయింది. నా చేతిలో ఆమె పాత నూలు చీర ఉంది. ఆమెను ఐసీయూ నుంచి వార్డుకు తీసుకొస్తే పక్క మీద పరుద్దామని అమ్మ ఉతికి మడతపెట్టి ఇచ్చింది. "అన్నా, కూసుంటవా, దిగుతవా?" అన్నాడు ఆటో డ్రైవర్. కూర్చున్నాను. చీరను సంచీలో పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు.

ఆమె నాకు మేనత్త, మా నాన్నకు అక్క. నాన్న పోయాక మా అమ్మను, నన్ను తన రెండు గదుల ఇంట్లోకి తెచ్చుకుని, బర్రెల పాలు అమ్మి నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆ ఇంటి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక ఆ అపార్ట్‌మెంట్లకే పాలు పోసింది. ఈ నాలుగు మాటలు దుఃఖంతోనే రాయడం లేదు, కోపంతో కూడా రాస్తున్నాను. ఆమెను ఇంటికి తెచ్చిన రోజు వాకిట్లో కూర్చున్న చుట్టాలు ఒకరి చెవిలో ఒకరు అనుకున్నారు, కిటికీ పక్క మంచం మింగిందట, చదువుకున్న పిల్లగాడు పక్కనే ఉండి కూడా ఆపలేదట. ఆ మాటకు జవాబు చెప్పాలి. దాంతోపాటు, దవాఖానలో నెలల తరబడి మంచం మీద ఉండాల్సిన మనిషి ఎలా ఉండాలో ఆమెను చూసి నేర్చుకున్నది కూడా నలుగురికీ చెప్పాలి.

అంతా చెప్పులతో మొదలైంది. లింగంపల్లి బజారులో కొత్త చెప్పులు కొనుక్కుంది. ఎడమ కాలి బొటనవేలి దగ్గర కరిచింది. షుగరున్న ఒంటికి చెప్పు కాటు చిన్న విషయం కాదని నేను చెప్పాను. "పసుపు వెట్టిన తియ్యి. పాలకోసం మనుషులు తలుపులు తెరుసుకోని కూసున్నరు ఆడ," అంది. పుండు మీద గుడ్డ చుట్టుకుని, పాల క్యాన్లు మోసుకుంటూ మెట్లెక్కింది. గుడ్డ విప్పిన రోజు వేలు నల్లబడి ఉంది. గచ్చిబౌలి దాటాక అద్దాల మేడల మధ్య ఉన్న ఒక దవాఖానలో చేర్పించాము. దాని పేరు రాయను. నా గొడవ ఆ పేరుతో కాదు.

వార్డులో ఖాళీగా ఉన్నది కిటికీ పక్క మంచం ఒక్కటే. పక్క మంచం మీద మియాపూర్ నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది, కోస్తా వైపు మనిషి. వెన్నులో చీము పట్టి చాలాకాలంగా అక్కడే ఉంటోంది. మా అత్తమ్మ ఇంకా చక్రాల కుర్చీ దిగకముందే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మంచం వద్దండీ వదినగారూ. గోడవైపుది రేపు ఖాళీ అవుతుందంట, ఒక్కరోజు ఓపిక పట్టండి."

"ఏందమ్మా, దీనికేమన్న కోరలున్నయా?"

"కోరల సంగతి నాకు తెలీదండీ. నేనొచ్చాక అందులో పడుకున్నవాళ్ళెవరూ ముందు లిఫ్టులో దిగలేదు. అందరూ వెనక లిఫ్టులోనే."

ముందు లిఫ్టు ఇంటికెళ్ళేవాళ్ళది, చూడ్డానికి వచ్చేవాళ్ళది. వెనక లిఫ్టు మాసిన దుప్పట్లది, స్ట్రెచర్లది, శవాలది. అది కదిలినప్పుడల్లా గోడ లోపల ఎవరో బరువైన ట్రంకుపెట్టె ఈడుస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వినిపిస్తే వార్డులో మాటలు ఆగిపోయేవి.

నాకు కోపమొచ్చింది. నేను సభల దగ్గర అమ్మే చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు చదివి పెరిగినవాడిని. వార్డు మధ్యలో నిలబడి గట్టిగానే చెప్పాను. "ఆక్సిజన్ గొట్టం ఆ గోడకే ఉంది. అందుకే జబ్బు ముదిరినవాళ్ళను అక్కడ పడుకోబెడతారు. వాళ్ళు పోయింది జబ్బుతో, మంచంతో కాదు. ఇనుప మంచానికి మనుషులను ఏరుకునే తెలివి ఎక్కడిది?"

"ఇగో, మా అల్లుడు మీటింగు వెట్టిండు," అంది అత్తమ్మ. "ఇప్పుడు కాదంటె ధర్నా చేస్తడు. నాకైతె ఎల్తురు గావాలె. ఎల్తురు లేని మూలకు పడేస్తె మంచిగున్న బర్రె గూడ మేత ముట్టదు." అని కుర్చీని కిటికీ వైపు తోయమంది.

"మీ ఇష్టమండీ. చెప్పాల్సింది చెప్పాను," అని మియాపూర్ ఆవిడ అటు తిరిగి పడుకుంది.

చుట్టాలారా, ఆ మంచం ఆమెకు ఎవరూ అంటగట్టలేదు. ఆమే కోరుకుంది. వెలుతురు కోసం కోరుకుంది.

కోరుకున్నాక దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది. రెక్సిన్ పరుపు వీపుకు అంటుకుని చెమటతో పుండ్లు పడతాయని, పైన రెండు మడతల నూలు చీర పరిపించింది. ఇంకో పాత చీర చింపి తాడులా పేని మంచం కాళ్ళ వైపు కమ్మీకి కట్టించింది. ఎవరినీ పిలవకుండా అది పట్టుకుని తనే లేచి కూర్చునేది. కాగితపు కప్పులో టీ తాగనని ఇంటినుంచి స్టీలు గ్లాసు తెప్పించుకుంది. ఫినాయిలు వాసనకు కడుపులో తిప్పితే నిమ్మకాయ గీరి వాసన చూసేది, వార్డంతా ఆ కాయ చేతులు మారేది. పొద్దున్నే డాక్టర్లు వచ్చేలోపు తల దువ్వుకుని బొట్టు పెట్టుకునేది. "మంచమ్మీద ఉన్నోళ్ళం మంచం అయిపోవద్దు అల్లుడా," అనేది. చూడ్డానికి వచ్చినవాళ్ళను నిలబడనిచ్చేది కాదు. నిలబడితే శవం చుట్టూ నిలబడ్డట్టే ఉంటుందట. కూర్చోమనేది. కూర్చుని తమకు తెలిసిన రోగాల కథలు మొదలుపెడితే మాత్రం, "నీకు బస్సు పోతదేమో సూస్కో," అనేది.

మంచానికి సరిగ్గా పైన ఏసీ జాలీ ఉండేది. గాలి తిన్నగా తల మీద కొట్టేది. చెబితే సిబ్బంది ఒకరిమీద ఒకరు చెప్పుకున్నారు తప్ప ఎవరూ వచ్చి చూడలేదు. ఆ రోజుల్లోనే నేను రోగుల హక్కుల గురించి ఒక కరపత్రం రాసి, అచ్చు వేయించి, గేటు దగ్గర పంచబోతే సెక్యూరిటీ ఆయన అడ్డుపడ్డాడు. "ఇది దవాఖానా, జైలా?" అని అరిచాను. జనం పోగయ్యారు. ఆ సంగతి పైదాకా వెళ్ళింది. అత్తమ్మ కబురు పెట్టింది, కట్ట పట్టుకుని పైకి రమ్మని.

"సదువు, ఏం రాసినవో," అంది. మొత్తం చదివాను. కళ్ళు మూసుకుని విన్నది.

"మంచిగ రాసినవ్ కొడుకా. గని మనిషి సలికి గజగజ వణుకుతుంటె హక్కులు ఏ కండ్లతోని సదువుతడు? ఆ ప్లాస్టరు తే. కుర్సీ ఎక్కు."

నా కరపత్రాలను వరసగా అతికించి జాలీకి సగం మేర అడ్డం కట్టించింది. గాలి గోడవైపు మళ్ళింది. వార్డులో అందరికీ అలాగే కట్టించింది. వెల్లకిలా పడుకున్నవాళ్ళందరికీ పైకి చూస్తే నా అక్షరాలే. మియాపూర్ ఆవిడ రెండు రోజుల్లో కరపత్రం కంఠతా పట్టేసింది. "బాబూ, నాలుగో పేరాలో మరీ కోపంగా రాశావయ్యా," అని నాకే సలహా చెప్పింది.

"సూసినవా, లీడరూ," అంది అత్తమ్మ. "నీ కాగితం పనికొచ్చింది."

ఆ కిటికీలోంచి ఒక పెద్ద రాతిగుండు కనిపించేది. ఆ రాతి నీడలో ఒకప్పుడు ఆమె బర్రెలు పండుకునేవట. ఇప్పుడు దాన్ని పేల్చి మేడకు పునాది తీస్తున్నారు. మధ్యాహ్నం దాటాక పొడుగ్గా ఒక ఈల వినిపించేది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి రోడ్డు ఆపేవాడు. ఆ తర్వాత కొద్దిసేపు ఏమీ వినిపించేది కాదు. ఆ కొద్దిసేపే భరించడం కష్టం. వార్డంతా ఊపిరి బిగబట్టి, మంచాల కమ్మీలు పట్టుకుని, ఎప్పుడా అని ఎదురుచూసేది. ఆ నిశ్శబ్దంలోకి అత్తమ్మ కావాలనే మాట విసిరేది.

"మియాపూరమ్మా, నీ కొడుకు ఇయ్యాల ఏం కూర తెచ్చిండు?"

"బీరకాయండీ."

"ఉప్పేసిండా?"

"డబ్బా మూతైతే గట్టిగా పెట్టాడండీ. ఉప్పు సంగతి మర్చిపోయాడు."

నవ్వులు మొదలయ్యేలోపు నేల అదిరేది. అద్దాలు గలగలమనేవి. కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసు అదురుకు ఒక్క పిసరు పక్కకు జరిగేది. అత్తమ్మ దాన్ని మళ్ళీ వెనక్కి నెట్టి, "దీనికి గూడ ఇంటి మీదకు మనసు వడ్డది," అనేది.

ఇంటి మీద మనసు. ఆమె చెప్పినవాటిలో నేను బాగా గుర్తుపెట్టుకున్నది ఇదే. "సుఖంగ ఉండాలె గని కుదురుకోవద్దు. కుదురుకున్నమా, ఇగ ఇక్కడోళ్ళమే అయిపోతం." అందుకే ఆమెకో అలవాటు ఉండేది. కరిచిన ఆ చెప్పులే మంచం కింద, మొనలు తలుపు వైపు తిప్పి పెట్టించుకునేది. ఊడ్చేవాళ్ళు జరిపితే, ఊడ్వడం పూర్తయ్యేదాకా చూసి, మళ్ళీ తిప్పించేది. క్రమంగా వార్డులో అందరూ అలాగే పెట్టుకోవడం మొదలుపెట్టారు. వరసగా అన్ని మంచాల కింద చెప్పులు తలుపు వైపు చూస్తూ ఉండేవి, పెళ్ళి భోజనాలయ్యాక బయల్దేరబోతున్న చుట్టాల్లాగా.

అమ్మకు ఆ చెప్పులంటే భయం. "ఒదినా, నాశనం జేసినయే ఇవి. గుడి కాడ ఇడిసిపెట్టొస్త, పీడ వోతది," అని బతిమాలింది.

"ఇవి కరిసినయి. నేను వట్టించుకోలె. నా తప్పుకు వాటిని ఎందుకు ఎల్లగొట్టుడు?" అంది అత్తమ్మ. "వీటితోనే వచ్చిన, వీటితోనే పోత."

ఆ మాటకు అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

ఇంకో నియమం కూడా పెట్టింది. మన ఇళ్ళలో ఎవరైనా బయల్దేరేటప్పుడు 'పోతున్న' అనరు, 'పోయొస్త' అంటారు. ఇక్కడ అది తిరగబడాలని ఆమె పట్టు. డిశ్చార్జి అయినవాళ్ళు ఎవరూ 'వస్త' అనకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. మంచం కింద సూదో పిన్నో కూడా వదలకూడదు. గోడవైపు మంచం మీది చిన్నమ్మాయి ఇంటికెళ్తూ అలవాటుకొద్దీ "పోయొస్త పెద్దమ్మా" అన్నది. అత్తమ్మ తాడు పట్టుకుని లేచి కూర్చుంది. "నోర్ముయ్! రాకు. మల్ల నీ మొకం మాకు సూపియ్యకు. పో!" ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ పరుగెత్తినట్టే వెళ్ళింది. మూఢనమ్మకాల మీద అంత మాట్లాడిన నేను ఈ నియమాన్ని మాత్రం ఏమీ అనలేదు. ఎందుకో నాకూ తెలియదు.

మొదట వేలు తీశారు, దానికి చక్రాల కుర్చీలోనే ముందు లిఫ్టులో తీసుకెళ్ళారు. సరిపోతుందన్నారు. ఆ తర్వాత ప్రతి పొద్దున నర్సు వచ్చి, కాలి మీద ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో అక్కడ పెన్నుతో గీత గీసేది. ఎరుపు గీత లోపలే ఉంటే మందు పనిచేస్తున్నట్టు. మర్నాడు చూస్తే ఎరుపు గీత దాటి ఉండేది. ఇంకో గీత. మళ్ళీ దాటేది. కాలి మడమ నుంచి పైకి గీతలు మెట్లలా లేచాయి. అటు కిటికీలో గుండు రోజురోజుకూ తరిగిపోతోంది. రెండింటికీ సంబంధం లేదు, ఉండదు. అయినా నేను కిటికీ వైపు చూడ్డం మానేశాను. అత్తమ్మ మాత్రం చూసేది. "ఇంకెంతో లేదురా," అంది ఒకరోజు. గుండు గురించేనా అని నేను అడగలేదు.

మోకాలి కింద దాకా తీసేయాలన్నారు. నేను డాక్టరు గదిలో బల్ల గుద్ది అరిచాను. ముందే ఎందుకు చెప్పలేదు, ఇన్ని గీతలు గీస్తూ ఎందుకు కూర్చున్నారు అని. ఆయన తల దించుకుని, మందులన్నీ మార్చి చూశామని చెప్పాడు. బయటికొచ్చాక నాకు ఎవరిమీద అరవాలో తెలియలేదు. పుండు మొదలైన నాడే పని ఆపి దవాఖానకు రాగలిగే బతుకు ఆమెకు లేదు. అరిస్తే దానిమీద అరవాలి. దానికి గది లేదు, బల్ల లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున తల దువ్వించుకుంది. బొట్టు పెట్టుకుంది. స్ట్రెచర్ మీదికి మార్చాక వంగి మంచం కిందికి చూపించింది.

"చెప్పులు ఆడనే ఉండనియ్యి. రెండూ."

"సరే అత్తమ్మా."

"రెండూ," అంది మళ్ళీ.

స్ట్రెచర్ తలుపు దాకా వెళ్ళింది. అక్కడ చెయ్యి ఎత్తి ఆపించి, వార్డంతా వినబడేలా, "పోయొస్త," అంది.

అందరి తలలూ అటు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఎవరినీ అననివ్వని మాట అది. మియాపూర్ ఆవిడ పక్క మీదనుంచే, "ఆ మాట అనద్దని మీరేగా చెప్పారు వదినగారూ!" అని దాదాపు అరిచింది.

"నేను ఇంటికి పోతలేనమ్మా. మల్ల గీ మంచానికే గద వచ్చేది. చెప్పాలె గద మరి," అంది అత్తమ్మ నవ్వుతూ. "పక్క ఎవ్వరికి ఇయ్యకుండ్రి."

స్ట్రెచర్ ఎడమవైపు తిరిగింది. వెనక లిఫ్టు వైపు. నేను అడ్డం వెళ్ళి కమ్మీ పట్టుకున్నాను. ముందు లిఫ్టులో తీసుకెళ్ళమన్నాను. స్ట్రెచర్ అందులో పట్టదన్నాడు తోసేవాడు. పట్టించాలన్నాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. నన్ను అలా చూసి ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులో ఎక్కడో జాలి కూడా ఉంది.

"నువ్వు గూడనా, అల్లుడా?"

నేను కమ్మీ వదిలేశాను. తలుపులు మూసుకున్నాయి. గోడ లోపల ట్రంకుపెట్టె ఈడుస్తున్న చప్పుడు కిందికి, ఇంకా కిందికి వెళ్ళి ఆగిపోయింది.

ఆపరేషన్ అయింది. కానీ విషం అప్పటికే రక్తంలోకి పాకింది. ఐసీయూలో ఆమెకు మళ్ళీ తెలివి రాలేదు. 'నువ్వు గూడనా' అన్నదే ఆమె నాతో అన్న చివరి మాట. చుట్టాలు అడిగిన ప్రశ్నలకు నేను జవాబు చెప్పగలను. గీతలు చెబుతాను, షుగరు చెబుతాను, పాల క్యాన్లు, మెట్లు చెబుతాను. మంచం ఎవరినీ మింగదు. ఇది నిజం, నేను మళ్ళీ మళ్ళీ చెబుతాను. ఆమె వేసిన ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

దినాలయ్యాక సామాను తెచ్చుకోవడానికి వార్డుకు వెళ్ళాను. కిటికీ పక్క మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వబోతే మియాపూర్ ఆవిడ ఏడ్చి గొడవ చేసిందట, మా వదినగారు చెప్పి వెళ్ళారు, వచ్చేదాకా ఇవ్వొద్దన్నారు అని. పోయిందని ఆవిడకు తెలుసు. తెలిసే అన్నది.

"కూర్చో బాబూ. నిలబడకు," అంది ఆవిడ నన్ను చూసి.

కూర్చున్నాను. పైన నా కరపత్రాలు గాలికి చిన్నగా కొట్టుకుంటున్నాయి. గట్టు మీది గ్లాసు తీసి సంచీలో వేసుకున్నాను. కమ్మీకి కట్టిన చీర తాడు విప్పబోయాను. "అది ఉంచు. రేపు వచ్చేవాళ్ళకి పనికొస్తుంది," అంది ఆవిడ. ఉంచాను. చెప్పుల కోసం వంగాను. రెండూ ఉన్నాయి, ఆమె పెట్టించినట్టే, తలుపు వైపు. ఎడమదాని బొటనవేలి దగ్గర పట్టీ మీద చిన్న నల్లటి మరక.

అప్పుడే బయట ఈల మోగింది.

వార్డులో మాటలు ఆగిపోయాయి. అందరి చేతులూ కమ్మీల మీదికి వెళ్ళాయి. అందరి మొహాలూ, ఎవరూ చెప్పకుండానే, కిటికీ పక్క మంచం వైపు తిరిగాయి. ఎవరైనా ఏదైనా అడగాలి. ఏం కూరో, ఉప్పుందో లేదో. మియాపూర్ ఆవిడ పెదవులు కదిపింది, మాట రాలేదు. నాకు కూడా రాలేదు. కరపత్రాలన్నీ రాసిన నాకు.

నేల అదిరింది. అద్దాలు గలగలమన్నాయి. నేను ఇంకా వంగే ఉన్నాను, చెయ్యి చాచి. నా వేళ్ళకు అందకముందే ఆ రెండు చెప్పులూ పక్కపక్కనే ఒక్క పిసరు ముందుకు జరిగాయి.